కౌన్సెలింగ్ కావాలంటే కేసు పెట్టాల్సిందేనా?

ఆత్మకూరు టీచరమ్మ:
మా స్కూల్లో పోక్సో, అదే పిల్లలపై లైంగిక నేరాల చట్టం (2012) మీద అవగాహన సదస్సు పెట్టారు. అది అయ్యాక స్టాఫ్ రూమ్‌లో పెద్ద వాదనే నడిచింది, తేలక ఇక్కడ పెడుతున్నా. ఎనిమిదో తరగతి పిల్ల వచ్చి, ఇంట్లో ఫలానా మనిషి తప్పుగా ప్రవర్తిస్తున్నాడని చెప్పిందనుకోండి. 19వ సెక్షన్ ప్రకారం నేను పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే 6 నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. డాక్టరుకీ కౌన్సెలర్‌కీ కూడా మినహాయింపు లేదు. ఆ పిల్లేమో నోరు తెరవకముందే "ఎవరికీ చెప్పనని ఒట్టేయండి మేడమ్" అంటుంది. ముందు కొన్ని వారాలు కౌన్సెలింగ్ ఇప్పించి, పిల్ల కుదుటపడ్డాక పోలీసుల దగ్గరికి వెళ్లేలా చట్టం మారాలని నేనంటాను.

మూలపేట వకీలు:
మారకూడదు మేడమ్. ఆ కొన్ని వారాలు పిల్ల ఎక్కడుంటుంది? అదే ఇంట్లో, ఆ మనిషి కళ్ల ముందే. ఈలోగా విషయం తల్లికి, తల్లి నుంచి మేనమామకు, ఆయన నుంచి పెద్దమనుషులకు చేరుతుంది. ఇక పంచాయితీ, ఎంతోకొంత డబ్బు, పిల్లను దూరంగా హాస్టల్లో పడేయడం. 2012 చట్టానికి ముందు ఎన్ని ఇలా ముగిశాయో ఊళ్లలో అందరికీ తెలుసు.

పైగా పోలీసు అనగానే మనకు జీపూ ఖాకీ గుర్తొస్తాయి. చట్టం చెప్పేది వేరు. పిల్ల ఇంట్లోనో తనకు నచ్చిన చోటో వాంగ్మూలం తీసుకోవాలి. వీలైనంతవరకు ఎస్సై హోదాకు తగ్గని మహిళా అధికారే రావాలి, యూనిఫాం వేసుకోకూడదు. 24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీకి తెలపాలి. 2020 నిబంధనల్లో సపోర్ట్ పర్సన్ అని ఉన్నారు, దర్యాప్తు నుంచి కోర్టు దాకా పిల్ల వెంట ఉండే మనిషి. వాళ్లు కావాలా వద్దా అన్నది తల్లిదండ్రుల ఇష్టానికి వదలొద్దని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది.

ఉదయగిరి కొండ:
చట్టంలో అన్నీ ఉన్నాయి గదన్నా, అవన్నీ ఉండేది నెల్లూరులో. హింసకు గురైన ఆడవాళ్లకు సాయం చేసే సఖి సెంటర్ అక్కడే, పోక్సో కోర్టు అక్కడే, కమిటీ అక్కడే. మాకు దాదాపు వంద కిలోమీటర్లు. ఆడవాళ్లకు బస్సు ఫ్రీ అయింది, సంతోషం. ఆ రోజు కూలి ఎవరిస్తారు? ఒకసారి పోతారు. రెండోసారికి "ఇంకెందుకులే" అంటారు. కౌన్సెలింగ్ ఒక్క పూటతో అయిపోయేదా? ఊళ్లో చెప్పుకుందామంటే ఆశా కార్యకర్త, సచివాలయం మహిళా పోలీసు ఉన్నారు. ఇద్దరూ మంచోళ్లే, కాకపోతే సగం ఊరికి చుట్టాలు. కేసు ముందా కౌన్సెలింగ్ ముందా అని మీరు వాదించుకుంటున్నారు, మాకు రెండూ అందడం లేదు.

వీఆర్‌సీ సెంటర్ కుర్రోడు:
కేసంటే ఊరంతా పాకుతుంది. రేపు ఆ పిల్లను పెళ్లెవరు చేసుకుంటారు? అదీ ఆలోచించండి.

మూలపేట వకీలు:
పిల్ల ఎవరో తెలిసేలా పేరు, ఫొటో, స్కూలు, ఏది బయటపెట్టినా నేరం తమ్ముడూ. పెళ్లి ఎలా అవుతుందన్న ప్రశ్న ఆ పని చేసినవాడి గురించి అడగండి, పిల్ల గురించి కాదు.

డ్యూటీ నర్సు:
ఇందాకటి నుంచి చిన్నపిల్లల్నీ పెద్దవాళ్లనీ ఒకే గాట కట్టేస్తున్నారు. 18 దాటిన ఆడమనిషి వస్తే ఆసుపత్రి పోలీసులకు కబురు పెడుతుంది, కానీ ఫిర్యాదు ఇవ్వడం, పరీక్షకు ఒప్పుకోవడం ఆమె ఇష్టం. ఎఫ్ఐఆర్ తెస్తేనే చూస్తామని ఎవరూ అనకూడదు. ప్రైవేటు ఆసుపత్రైనా సరే వైద్యం ఉచితంగా చేయాలి. కేసు లేకుండా సఖి సెంటర్‌కు వెళ్లి కౌన్సెలింగ్ అడగొచ్చు. మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేసినా దారి చెప్తారు.

నాకు అన్నిటికన్నా టెన్షన్ పెట్టేది ఆలస్యం. హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందు 72 గంటల్లోపే మొదలుపెట్టాలి, ఎంత ముందైతే అంత మంచిది. ఇంట్లో మీటింగులు పెట్టుకుని నాలుగో రోజు తీసుకొస్తే మేమేం చేయగలం?

టీచర్ గారూ, ఒట్టు మాత్రం వేయకండి. "నీకు ముందు చెప్పకుండా ఎవరికీ చెప్పను" అనండి. ఎవరితో చెప్పబోతున్నారో, ఎందుకో పిల్లకు వివరించండి. అబద్ధం ఆడినట్టూ కాదు, పిల్లను ఒంటరిగా వదిలినట్టూ కాదు. ఇంకోటి, పదహారు పదిహేడేళ్ల పిల్లలు ఇష్టపడి వెళ్లి గర్భంతో వచ్చే కేసులున్నాయి. పోలీసులంటే భయపడి దొంగచాటు అబార్షన్లకు పోతారు. అందుకే 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు, పిల్లా సంరక్షకులూ కోరితే అబార్షన్ చేసే డాక్టరు పోలీసులకిచ్చే రిపోర్టులో పిల్ల పేరు రాయనక్కర్లేదంది.

ఆత్మకూరు టీచరమ్మ:
నేనడిగేదీ దాదాపు అదే. రిపోర్టు మానేయమనడం లేదు. డాక్టరుకు ఇచ్చిన ఆ వెసులుబాటు కౌన్సెలర్‌కూ ఇవ్వండి. లేదా మొదటి కబురు స్టేషన్‌కు కాకుండా కమిటీకి వెళ్లనివ్వండి.

మూలపేట వకీలు:
ఇంట్లోవాడే చేస్తుంటే పేరు లేని రిపోర్టు పిల్లను ఎలా కాపాడుతుంది? ఆ ఒక్కదానికి ఒప్పుకోను. సపోర్ట్ పర్సన్ ముందు వచ్చి కూర్చున్నాకే వాంగ్మూలం మొదలుపెట్టాలంటారా, దానికి సరే. పిల్లను ఆ ఇంటి నుంచి తప్పించాక ఒక పూట ఆగితే కేసుకొచ్చే నష్టం లేదు.

ఉదయగిరి కొండ:
ఆ సపోర్ట్ పర్సన్ మా మండలంలోనే ఉంటే నాదీ సరే. నెల్లూరు నుంచి రావాలంటే మాత్రం ఈ చర్చ ఇంకా అవలేదు.