అంతరిక్షంలో యోగా చాలదా? అంత జిమ్ ఎందుకు?

భద్రకాళి బండ్ వాకర్:
పొద్దున నడకలో మా బ్యాచ్‌లో ఇదే లొల్లి. 1984లో రాకేశ్ శర్మ సోవియట్ స్పేస్ స్టేషన్ సాల్యూట్-7లో యోగా చేశారు. ఇప్పుడేమో స్పేస్ స్టేషన్‌లో ఉండేవాళ్లకు రోజుకు రెండు గంటలు ట్రెడ్‌మిల్, సైకిల్, బరువులు! ఆసనాలకు కరెంటు వద్దు, చోటు వద్దు. మనదాన్ని మనమే తక్కువ చేసుకుంటున్నామని నా బాధ.

కాజీపేట ఫిజియో:
అన్నా, శర్మ గారి ప్రయాణం మొత్తం ఎనిమిది రోజులు కూడా నిండలేదు. సునీతా విలియమ్స్ 2024-25లో 286 రోజులు ఉండి వచ్చారు. రెండిటినీ ఒకే గాటన కడితే ఎట్లా? ఇక్కడ వృక్షాసనం వేస్తే ఒంటి బరువంతా ఒక్క కాలి మీద పడుతుంది. అక్కడ ఏమీ పడదు. శీర్షాసనం వేసినా తలకిందులుగా ఉన్నట్టే అనిపించదు. పని లేని ఎముక కరుగుతుంది. సరైన వ్యాయామం లేకపోతే తుంటి దగ్గర నెలకు 1 నుంచి 1.5 శాతం దాకా పోతుంది. ఇనుప బరువులు కూడా తేలిపోతాయి కాబట్టే వాక్యూమ్ (గాలి లేని) సిలిండర్ల బిగువుకు ఎదురుగా లాగే యంత్రం పెట్టారు. అందులో దాదాపు 270 కిలోల దాకా భారం పెట్టుకోవచ్చు. ట్రెడ్‌మిల్ మీద కూడా భుజాలకు, నడుముకు పట్టీలు వేసి కిందికి గుంజితేనే పాదం ఆనుతుంది.

భద్రకాళి బండ్ వాకర్:
సరే, ఎముక సంగతి ఒప్పుకుంటా. మరి నిద్ర, టెన్షన్?

కాజీపేట ఫిజియో:
దానికి ప్రాణాయామం చేస్తానంటే నేనెందుకు కాదంటాను? జిమ్ బదులు అంటేనే పేచీ.

హన్మకొండ హాస్టల్:
మీ ఇద్దరి లొల్లి స్పేస్ స్టేషన్ వరకే. మార్స్‌కు పోవడానికే ఆరేడు నెలలు. చిన్న నౌకలో అంత యంత్రం ఎక్కడ పెడతారు? దిగినాక చెయ్యి పట్టి లేపేవాళ్లు కూడా ఉండరు. నౌకనే గుండ్రంగా తిప్పి బరువు పుట్టించాలని నా వాదన.

కాజీపేట ఫిజియో:
చిన్న నౌకను వేగంగా తిప్పితే కళ్లు తిరుగుతాయి తమ్మీ. మెల్లగా తిప్పాలంటే నౌక చాలా పెద్దదై ఉండాలి. రష్యా డాక్టర్ పోల్యకోవ్ 1994-95లో రష్యా స్పేస్ స్టేషన్ మిర్‌లో వరుసగా 437 రోజులు ఉండి, రోజూ వ్యాయామం చేసి, దిగిన రోజే నాలుగడుగులు నడిచాడు. ముందు యంత్రాన్ని చిన్నది చేయడం చూద్దాం.

ఎల్కతుర్తి రైతుబిడ్డ:
మా అమ్మ తుంటి విరిగి మూడు నెలలు మంచంలో ఉన్నది. రోజూ కాళ్లు ఆడించాం, అయినా పిక్కలు పుల్లలైనాయి. వాకర్ పట్టుకొని కాలి మీద బరువు మోపినప్పటి నుంచే మళ్లీ కండ పట్టింది. నా ఓటు ఫిజియో సార్‌కే.

భద్రకాళి బండ్ వాకర్:
ఫిజియో సార్, రేపు ఆరింటికి బండ్ మీదికి రండి. మీ సిలిండర్ల సంగతి మా బ్యాచ్‌కు మీరే చెప్పాలి, నేను చెప్తే వినరు.