1866 జార్జియా కథలో వాటా సేద్యాన్ని మొదటి రోజు నుంచే ఉచ్చుగా చూపాలా?

నాగలికర్రు:
అమెరికా అంతర్యుద్ధం తర్వాత విడుదలైన బానిసల మీద నవల రాయాలనుకునేవాళ్లు చాలామంది ఒకే దారి పడుతున్నారు. 1865లో విడుదల, 1866 జనవరిలో దొర కాగితం మీద సంతకం, డిసెంబరుకల్లా తీరని అప్పు. 1866కి ఇది పొసగదని నా అభ్యంతరం. ఆ ఏడాది పత్తి తోటల్లో చాలాచోట్ల ఇంకా ముఠా పనే నడిచింది. గంట కొడితే లేవాలి, మేస్త్రీ కళ్ల ముందు వరుసగా కలుపు తీయాలి. పంటలో కొంత భాగం కూలీలందరికీ కలిపి పంచేవాళ్లు, లేదా నెలజీతం రాసుకుని అందులో సగం ఏడాది చివరిదాకా ఆపేవాళ్లు. ఇది కుదరదని మొండికేసింది విడుదలైనవాళ్లే. ముందు చిన్న చిన్న జట్లుగా విడిపోయారు, ఆ తర్వాత కుటుంబానికో చేను కావాలని పట్టుబట్టారు. ఆడవాళ్లు చేలోకి రావాలా వద్దా అన్నది ఇంట్లోనే తేల్చుకున్నారు. వాటా సేద్యం, అంటే దొర భూమిని కుటుంబం దున్ని పంటలో వాటా పంచుకోవడం, ఆ బేరంలోంచి పుట్టిన రాజీ. దాన్ని దొర పన్నిన వలగా మాత్రమే రాస్తే, బేరం ఆడిన మనుషులు కథలో మిగలరు.

చిత్తుప్రతి:
బేరం అంటున్నారు సరే, ఒకడి చేతిలో భూమి, చట్టం రెండూ ఉంటే అది ఏం బేరమండీ? 1865 నవంబరులో మిసిసిపీ చేసిన చట్టాలు చూడండి. ప్రతి జనవరిలో పని ఉన్నట్టు రాతపూర్వకంగా చూపించాలి. లేకపోతే దిమ్మరి కింద జరిమానా. కట్టలేకపోతే, ఎవడు కడితే వాడి దగ్గర చాకిరీ. పట్టణాల బయట భూమి కౌలుకు తీసుకోవడానికే వీల్లేదు. ఏడాది మధ్యలో పని మానేస్తే అప్పటిదాకా చేసిన కూలి గల్లంతు.

భూమి సంగతి ఇంకా ఘోరం. 1865 జనవరి 16న ఉత్తరాది సైన్యపు జనరల్ షెర్మన్ ఇచ్చిన ఉత్తర్వుతో దక్షిణ కరోలినా, జార్జియా తీరంలో సుమారు 40,000 మంది 4 లక్షల ఎకరాల్లో కుదురుకున్నారు. కుటుంబానికి 40 ఎకరాలు మించకుండా ఇచ్చారు, అదీ స్వాధీన హక్కే తప్ప పక్కా పట్టా కాదు. అధ్యక్షుడు జాన్సన్ దొరలను క్షమించి, అందులో చాలా భాగం వాళ్లకే తిప్పి ఇప్పించాడు. అక్టోబరులో దక్షిణ కరోలినాలోని ఎడిస్టో దీవి చర్చిలో ఆ మాట చెప్పాల్సింది ఎవరనుకున్నారు? విడుదలైనవాళ్ల కోసమే పెట్టిన ఫ్రీడ్‌మెన్స్ బ్యూరో అధిపతి, జనరల్ హోవార్డ్. భూమి లాక్కున్నాక కుదిరినదాన్ని రాజీ అనడానికి నాకు నోరు రాదు.

నాగలికర్రు:
మిసిసిపీ చట్టాన్ని తెచ్చి జార్జియా కథకు అంటించకండి. జార్జియా చట్టాలు అంత కఠినం కావు. దక్షిణ కరోలినా చేసిన అలాంటి చట్టాలనైతే అక్కడి సైనికాధికారి జనరల్ సికిల్స్ 1866 జనవరిలోనే పక్కన పెట్టాడు. ఇంకోటి, 1865 క్రిస్మస్‌కి ప్రభుత్వం భూములు పంచుతుందన్న మాట దక్షిణాదంతా పాకింది. అందుకే చాలామంది ఆ చివరి నెలల్లో కొత్త ఏడాది ఒప్పందాల జోలికి పోలేదు. నాట్లకు చేతులు దొరకవేమోనని దొరలకు చెమటలు పట్టాయి. నవలకు ఇంతకన్నా మంచి ఘట్టం ఏముంది?

నల్లరేగడి:
ఇద్దరూ లెక్కలోకి దిగట్లేదు. 1866 నేపథ్యంగా ఒక కుటుంబం పద్దు వేద్దాం, అంకెలు మన ఊహే. సగం వాటా. పండింది 400 పౌన్ల బేళ్లు 5, అంటే 2,000 పౌన్ల దూది. (గింజ వేరుచేసే జిన్ను యంత్రంలో మూడో వంతే దూదిగా వస్తుంది కాబట్టి ఏరిన పత్తి 6,000 పౌన్లు. కథల్లో చాలామంది పొరబడేది ఇక్కడే.) పౌనుకు 25 సెంట్లు అనుకుంటే 500 డాలర్లు. దీంట్లోంచి ఫెడరల్ పన్ను పోతుంది. 1866 ఆగస్టు నుంచి అది పౌనుకు 3 సెంట్లు, అంటే 60 డాలర్లు. మిగిలిన 440లో సగం 220. కొట్లో అరువు 150 ఉంటే చేతికి 70 వస్తుంది.

ఇప్పుడు ఆకు తినే గొంగళిపురుగు పడి పంట సగమైందనుకోండి. 250లో పన్ను 30 పోగా 220, వాటా 110. అరువు అదే 150. అంటే 40 డాలర్ల బాకీ. ఎవరూ దొంగలెక్క రాయకుండానే అప్పు మిగిలింది. 1866, 67ల్లో వరదలు, పురుగు రెండూ నిజంగానే దెబ్బతీశాయి, ధర కూడా ఏటా జారింది. దొర మోసగాడైతేనే అప్పు పుడుతుందని రాయడం బద్ధకం.

అరువు ఎప్పుడు పెరుగుతుందో కూడా చూడండి. ఏప్రిల్‌లో విత్తనం, మే, జూన్‌లో మొక్కలు పలచన చేయడం, కలుపు. ఆగస్టు చివరిగ్గానీ ఏరడం మొదలుకాదు. మొక్కజొన్న పిండీ ఉప్పుపంది మాంసమూ ఆ నెలలన్నీ అరువు మీదే. నగదు ధర ఒకటి, అరువు ధర ఒకటి.

గోదారొడ్డు:
ఇదంతా మన తెలంగాణ వెట్టి లాంటిదే కదా? అలా పోలిస్తే పాఠకుడికి వెంటనే ఎక్కుతుంది.

నాగలికర్రు:
ఎక్కుతుంది, తప్పుగా. వెట్టికి కాగితమూ లేదు, గడువూ లేదు. ఇక్కడ ఒప్పందం ఏడాదికే, జనవరి రాగానే ఇంకో తోటకు పోవచ్చు. వాళ్లకున్న ఆయుధం అదొక్కటే. దాన్ని మొద్దుబార్చడానికే పక్కవాడి కూలీని ఆశపెట్టి లాక్కోవడం నేరమని చట్టాలు తెచ్చారు.

తీరంగాలి:
ఊరు తేల్చకుండా ఈ వాదన తెగదు. తీరపు వరి మడుల్లో బానిసకాలం నుంచే వంతు పని ఉండేది. రోజుకి పావెకరం లాంటి కొలత, అది ముగిస్తే మిగతా పొద్దు తనది. సొంత పెరడు, కోళ్లు అలవాటైన మనుషులు. ముఠా పని అంటే వాళ్లు ఒకలా, లోపలి పత్తి జిల్లాలవాళ్లు ఇంకోలా స్పందిస్తారు. లూసియానా చెరకుతోటల్లోనైతే వాటా సేద్యం నిలవనే లేదు, జీతాలే.

చిత్తుప్రతి:
లెక్క బాగుంది నల్లరేగడి గారూ, కానీ మీ పద్దులో పంట ఎవరిది? కొట్టువాడు పంట మీద తాకట్టు రాయించుకునే చట్టం జార్జియాలో 1866 చివర్లోనే వచ్చింది. 1872లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు వాటాదారు కౌలుదారు కాదు, కూలీయే అని తేల్చింది. పంట మీద అదుపు దొరదే. ఉచ్చు మెల్లగా బిగిసి ఉండొచ్చు, తాడు మాత్రం మొదటి ఏడాదే పడింది.

నల్లరేగడి:
అలాగైతే తాడు పడిన చోటే రాయండి. ఒప్పందం చదివి వినిపించేది ఎవరు? దక్షిణాది మొత్తానికి బ్యూరో ఏజెంట్లు ఏ సమయంలోనూ 900కి మించలేదు. ఒక్కొక్కరి కింద కొన్ని కౌంటీలు, గుర్రం మీద రోజుల ప్రయాణం. కాబట్టి చాలాసార్లు చదివేది దొరే. సంతకం దగ్గర వేలిముద్ర వేయించకండి. రాయడం రానివాళ్లు ఇంటూ గుర్తు పెట్టేవాళ్లు, పక్కన పేరు వేరేవాళ్లు రాసేవాళ్లు, కింద సాక్షి సంతకం. ఇంటిపేరు కొత్తగా ఎంచుకున్నదైతే దొర పద్దులో ఒకటి, బ్యూరో దస్త్రంలో ఇంకొకటి పడే అవకాశం ఉంది. డిసెంబరు తగాదా అక్కణ్ణుంచే మొదలుపెట్టొచ్చు.