పార చేప లాగినా విడిపోని చెక్క ల్యూర్ (చేపలా కనిపించే ఉత్తుత్తి ఎర) చేయడం ఎలా? మీ అనుభవాలు చెప్పండి

భీమిలి_గాలం
ఫిబ్రవరిలో అండమాన్ వెళ్లొచ్చాం. మార్కెట్లో ల్యూర్ల రేట్లు చూసి కళ్లు తిరిగి, ఇంట్లో పడున్న టేకు ముక్కతో నేనే ఒక పాపర్ (నీటి మీద చప్పుడు చేసే ల్యూర్) చేసుకున్నా. ముందొకటి, కడుపు దగ్గరొకటి, తోక దగ్గరొకటి స్క్రూ కొక్కేలు బిగించి ఎపాక్సీ పోశా. మూడో విసురుకే జీటీ (జెయింట్ ట్రెవల్లీ, పెద్ద పార చేప) కొట్టింది. డ్రాగ్ (రీలు బ్రేకు) కేకలు పెట్టింది, పది సెకన్లలో రాడ్ తేలిపోయింది. లాక్కుని చూస్తే ల్యూర్ ఉంది, కడుపు కొక్కెం గాలంతో సహా లేదు. ఆ బొక్కలో పీచు లేచిపోయి, లోపల చెక్క నల్లగా, వేలు పెడితే తడిగా ఉంది. చేపకు నోట్లో గాలం మిగిల్చానని ఇంకా బాధగా ఉంది. ఎక్కడ తప్పు చేశాను?

మస్కట్_వంజరం
తమ్ముడూ, స్క్రూ కొక్కెం పండుగప్పకు సరిపోతుందేమో, జీటీకి కాదు. 2006లో జపాన్ టొకారా దీవుల దగ్గర పట్టిన రికార్డు జీటీ 72.8 కిలోలు. మనకు అందులో సగం తగిలినా స్క్రూ మర చెక్కను కొరుక్కుంటూ బయటికొచ్చేస్తుంది.

ముక్కు నుంచి తోక దాకా ఒకటే స్టెయిన్‌లెస్ తీగ పోవాలి. లైను ముక్కు దగ్గరి కంటికి (తీగ వంచి చేసిన గుండ్రటి కొస), వెనక గాలం తోక కంటికి. కడుపు గాలానికి మధ్యలో ఒక బ్యారెల్ స్వివెల్ (రెండు కొసలా కన్నుండి తిరిగే లోహపు ముక్క): తీగ దాని పై కంట్లోంచి పోతుంది, కింది కన్ను కడుపులోంచి బయటికొస్తుంది. అప్పుడు చెక్క రెండు ముక్కలైనా చేప తీగ మీదే ఉంటుంది. నేను 1.8 మి.మీ. 316 గ్రేడ్ తీగ వాడతా. ఇక్కడ ఒమన్ దక్షిణ తీరంలో రాళ్ల పక్కన విసరాలి, దయాదాక్షిణ్యాలుండవు. కన్ను వంచాక తీగను దాని మీదే నాలుగైదు చుట్లు బిగుతుగా చుట్టు. ఊరికే కొక్కెంలా వంచి వదిలేస్తే సాగిపోతుంది.

కాకినాడ_కుర్రోడు
అన్నా, ముక్కు నుంచి తోక దాకా అంత పొడుగు బెజ్జం తిన్నగా ఎలా వేస్తారు? నాది ప్రతిసారీ పక్క నుంచి బయటికొస్తోంది.

చిత్రిక_బాబాయ్
వెయ్యొద్దు. డ్రిల్లు గ్రెయిన్ ఎటు లాగితే అటు పోతుంది. రెండు బద్దలు తీసుకుని మధ్యలో న్యూస్‌పేపర్ ముక్క పెట్టి ఫెవికాల్‌తో అతికించు. లేత్ మీద ఆకారం తిప్పేశాక అతుకు మీద ఉలి పెట్టి చిన్నగా తట్టు, కాగితం చీలి రెండు బద్దలూ విడిపోతాయి. కాగితం గీకేసి, తీగకీ స్వివెల్‌కీ కాలవ చెక్కి, ఈసారి ఎపాక్సీతో మూసెయ్.

చెక్క సంగతి. భీమిలి బాబుకి టేకు ఎందుకు తోచిందో అర్థమైంది, మనవాళ్లకి చేవ అంటే టేకే. కానీ టేకులో నూనె ఉంటుంది, అతికించే ముందు అసిటోన్‌తో తుడవకపోతే ఎపాక్సీ సరిగా పట్టదు. పైగా బరువు. కొండపల్లి బొమ్మల పొణికి చెక్క దూదిలా తేలిక, చెక్కడానికి హాయి, కానీ ఒక్క చేప కొరికితే పళ్ల గుంటలే. నేను ఏటికొప్పాక వాళ్లు వాడే అంకుడు కర్రకే ఓటేస్తా. సన్నటి గ్రెయిన్, లేత్ మీద వెన్నలా తిరుగుతుంది. ఒకసారి లక్క రంగు కూడా వేయించా. చూడముచ్చటగా ఉంది గానీ, గాలాలు గీసుకుని ఒక్క ట్రిప్పుకే పెచ్చులూడింది. అది ఇప్పుడు మా ఇంట్లో షోకేసులో ఉంది.

మస్కట్_వంజరం
బాబాయ్ మాట కరెక్టు. ఇంకోటి, చెక్క నల్లబడిందన్నాడు కదా, అసలు రోగం అదే. నీళ్లు లోపలికి పోతే చెక్క ఉబ్బి పెయింటు పగులుతుంది, ఆ పగుల్లోంచి ఇంకా నీళ్లు. స్టెయిన్‌లెస్ కూడా గాలి ఆడని తడి చెక్కలో తుప్పు పడుతుంది. కాబట్టి బెజ్జాలు, బరువుకి పెట్టే సీసం గుంటలు అన్నీ ముందే వేసేసి, పలచన చేసిన సాండింగ్ సీలర్‌లో (చెక్క రంధ్రాలు మూసే పూత) ముంచు. బుడగలు ఆగేదాకా ఉంచి, తీసి రాత్రంతా ఆరేయి. మళ్లీ ముంచు. నేను మూడుసార్లు చేస్తా. లప్పం, రంగు, పైన ఎపాక్సీ పూత ఆ తర్వాతే. రంగు వేశాక బెజ్జం వేస్తే మొత్తం పని దండగ.

కాకినాడ_కుర్రోడు
నా స్టిక్‌బెయిట్ (కర్రలా పొడుగాటి ల్యూర్) ఇంట్లో డ్రమ్ములో తోక కిందికి వంచి చక్కగా నిలబడింది. సముద్రంలో వేస్తే వెల్లకిలా తేలుతోంది. ఏమిటిది?

చిత్రిక_బాబాయ్
మంచినీళ్లలో చూశావా? 130 సి.సి. ల్యూర్‌ని ఉప్పునీళ్లు మూడు గ్రాములకు పైగా ఎక్కువ లేపుతాయి. లీటరుకి 35 గ్రాముల ఉప్పు కలిపి చూడు. గాలాలు, రింగులు తగిలించే చూడు, వాటి బరువూ లెక్కే. సీసం ముక్కలు ముందు రబ్బరు బ్యాండుతో కడుపుకి కట్టి అటూ ఇటూ జరుపు, కుదిరిన చోటే గుంట తియ్యి. సీసం కరిగించేది మాత్రం వంటింట్లో వద్దు బాబూ, ఆ పొగ విషం.

బ్లెయిర్_పడవ
నేను అండమాన్‌లోనే ఉంటా, డెక్ మీద చూసింది చెప్తా. మూడు ముళ్ల గాలాలు రెండు పెడితే, చేపకు ఒకటి గుచ్చుకున్నాక రెండోది ఊగుతూ ఉంటుంది. పోయినేడాది విడిపించబోయిన మావాడి అరచేతిలోకి దిగింది, అవతలి కొసన చేప ఎగురుతోంది. కటింగ్ ప్లేయర్‌తో గాలం కోసేదాకా వాడి అరుపులు వినలేకపోయాం. అప్పట్నుంచి నా పడవలో ఒంటి ముల్లు గాలాలే, ముల్లు మీది ఎదురు ముల్లు (బార్బ్) నొక్కేసి.

మస్కట్_వంజరం
ఒంటి ముల్లుతో కొట్టినవి కొన్ని జారిపోతాయి అన్నా, అది కూడా చెప్పాలి. పాపర్‌కి నేను కడుపున మూడు ముళ్లది, తోకకి ఒంటిది పెడతా.

బ్లెయిర్_పడవ
జారితే జారనీ. ఎలాగూ వదిలేసే చేపే కదా.

భీమిలి_గాలం
అందరికీ థాంక్స్. అంకుడు కర్రతో కొత్తది చేశా, 20 సెం.మీ., తీగ లోపలి నుంచే. రంగు వేసే ముందు పెరట్లో మామిడి కొమ్మకి ముక్కు కంటితో వేలాడదీసి, తోక రింగుకి 20 లీటర్ల నీళ్ల క్యాన్లు రెండు కట్టా. తీగ కదల్లేదు, చుట్లు కదల్లేదు. ఐదు నిమిషాలకి టప్‌మని ఆ స్ప్లిట్ రింగు (గాలం తగిలించే చుట్ట రింగు) నోరు తెరిచింది, క్యాన్లు కిందపడి మా అమ్మ తులసి కుండీ పగిలింది. ఇప్పుడు రింగులు ఏ సైజు కొనాలో చెప్పండి. కుండీ కూడా కొనాలి.