దసరా సెలవుల్లో హంపి వెళ్లొచ్చా? అమ్మానాన్న కూడా వస్తున్నారు

బెజవాడ బాబు:
అందరికీ నమస్కారం. దసరా సెలవులకి హంపి అనుకుంటున్నాం. మాది విజయవాడ, అమరావతి ఎక్స్‌ప్రెస్ హొస్పేట దాకా నేరుగా వెళ్తుంది కాబట్టి ట్రైన్ గొడవ లేదు. నేను, మా ఆవిడ, ఏడేళ్ల పాప, అమ్మా నాన్నా. నాన్నకి 68, మోకాళ్ల నొప్పులున్నాయి, కానీ రాయలవారి ఊరు చూడాలని ఆయనకి ఎప్పట్నుంచో కోరిక, భువనవిజయం ఎక్కడుండేదో చూపించరా అని రోజూ అడుగుతున్నారు. ఆ టైంలో వానలు బాగా పడతాయా, లేక డిసెంబర్ దాకా ఆగమంటారా? పాత వీడియోల్లో అందరూ నది అవతల ఐలాండ్‌లో రూమ్ తీసుకోమంటున్నారు, అది మంచిదేనా?

గుంతకల్లు:
అన్నా, హంపి మాకు పక్కూరి లెక్క, ఏడాదికి రెండు మూడు సార్లు పోతాను. దసరాకి ధైర్యంగా రండి. అది వాన తక్కువుండే సీమే, సెప్టెంబర్ అక్టోబర్‌లో పడతాయి కానీ చాలాసార్లు సాయంత్రం ఒక గంట దంచి ఆగిపోతాయి, పొద్దున పూట తెరిపి ఉంటుంది. కొండల మధ్య అరటి తోటలు, వరి మళ్లు పచ్చగా ఉంటాయి, ఆ తోటల్లోకి ఇప్పటికీ రాయల కాలం నాటి తుర్తు కాలువ నీళ్లే వస్తాయి, ఆ పచ్చదనం మీకు ఏప్రిల్‌లో దొరకదు.

ఒక్కటి మాత్రం చూసుకోండి, తుంగభద్ర డ్యామ్ నిండి గేట్లు ఎత్తినారంటే హంపి దగ్గర నది ఒక్కసారిగా పెరుగుతుంది. పురందర మండపం మునిగిపోతుంది, పుట్టిలు, పడవ అన్నీ ఆపేస్తారు. అందుకని బయల్దేరే రెండు రోజుల ముందు డ్యామ్ నుంచి ఎన్ని క్యూసెక్కులు వదుల్తున్నారో వార్తల్లో చూసుకోండి. నీళ్లు ఎక్కువుంటే ఎవరు రమ్మన్నా పుట్టి ఎక్కొద్దు, పాప ఉంది కదా.

ఐలాండ్ అంటే విరూపాపురగడ్డ. సుప్రీంకోర్టు తీర్పు తర్వాత అక్కడి రిసార్టులన్నీ 2020లోనే కూల్చేసినారు, కాబట్టి ఆ వీడియోలు నమ్మొద్దు. పెద్దవాళ్లతో అయితే హొస్పేటలోనో కమలాపురంలోనో దిగండి. నది అవతలుండే అంజనాద్రి కొండ, ఆనెగొంది ఊరు చూడాలనుకుంటే పడవ కోసం కాచుకోకుండా వంతెన మీదుగా కారులో పోండి, దూరమే కానీ నమ్మకం. అంజనాద్రికి 575 మెట్లు, నాన్నగారిని కిందే కూర్చోబెట్టండి.

శాలిబండ లక్ష్మి:
నేను రెండేళ్ల కింద మే నెలలో వెళ్లాను, ఆ తప్పు ఎవరూ చెయ్యకూడదని రాస్తున్నా. నలభై డిగ్రీలు మనకి హైదరాబాద్‌లో మామూలే అనుకున్నాం, కానీ అక్కడ చుట్టూ బండలే, పగలంతా కాలిన రాయి రాత్రి ఎనిమిదింటికి కూడా సెగలు కక్కుతూనే ఉంటుంది. విరూపాక్ష గుడి దగ్గర చెప్పులు వదిలి పన్నెండింటికి లోపల ఆవరణ దాటుతుంటే మా అత్తమ్మ సగం దూరం వెళ్లి అక్కడే కొంగు మడిచి కాళ్ల కింద వేసుకుని నిలబడిపోయింది, మా ఆయన ఎత్తుకుని తీసుకొచ్చారు. అరికాళ్లు రెండూ బొబ్బలెక్కాయి, మిగతా రోజంతా రూమ్‌లోనే. అక్టోబర్‌లో కూడా మధ్యాహ్నం ఎండ చురుక్కుమంటుంది, పెద్దవాళ్లకి ఒక జత పాత సాక్సులు బ్యాగ్‌లో పెట్టండి, తప్పకుండా పనికొస్తాయి.

అదే గుడిలో వెనకవైపు చిన్న చీకటి గది ఉంటుంది, గోడకున్న చిన్న రంధ్రంలోంచి వెలుతురు వచ్చి రాజగోపురం తలకిందులుగా ఎదుటి గోడ మీద పడుతుంది. పాపకి కచ్చితంగా చూపించండి. మబ్బు పడితే మసకబారిపోతుంది కాబట్టి ఎండ కాసినప్పుడు వెళ్లండి.

బెజవాడ బాబు:
చాలా థ్యాంక్స్ అన్నా, లక్ష్మిగారు. మే గురించి చదివితే భయమేసింది. మరి నాన్న ఎక్కువ నడవకుండా రెండు రోజులు ఎలా సర్దుకోవాలి?

హేమకూటం:
తమ్ముడూ, నాన్నగారి కోరిక చదివి మనసు నిండింది, అందుకే కాస్త వివరంగా చెప్తా. మొదటి రోజు గేటు తీసే వేళకే విఠల గుడికి వెళ్లిపోండి. పార్కింగ్ నుంచి గుడికి కిలోమీటరు దాకా ఉంటుంది, బ్యాటరీ బండ్లు ఉన్నాయి, ఆలస్యం చేస్తే సెలవుల్లో ఆ క్యూలోనే గంట పోతుంది. రాతి రథం మీద పొద్దుటి వెలుగు పడుతుంటే చూడాలి. సంగీత స్తంభాలని ఇప్పుడు కొట్టనివ్వరు, అది మంచిదే, అరిగిపోతున్నాయి. టికెట్ పారేయకండి, అదే రోజు లోటస్ మహల్‌కి, కమలాపురం మ్యూజియానికి కూడా అదే చెల్లుతుంది. మ్యూజియం శుక్రవారం సెలవు.

పదకొండున్నర కల్లా రూమ్‌కి వచ్చేయండి, మూడున్నర దాకా కదలొద్దు. ఏ నెలలో వెళ్లినా హంపిలో నేను పాటించేది ఇదే, నెల కంటే వేళ ముఖ్యం అక్కడ. సాయంత్రం హేమకూటం కొండ చాలు, ఎక్కడం తేలిక. మాతంగ కొండ మీరిద్దరూ తెల్లారి వెళ్లండి, రాత్రి వాన పడి ఉంటే మానేయండి, ఆ మెట్లు పాకుడు పట్టి జారతాయి.

రెండో రోజు ఉగ్ర నరసింహుడు, పక్కనే నీళ్లలో ఉండే బడవిలింగం, తర్వాత హజారరామ గుడి. రామాయణం మొత్తం గోడల మీద వరసగా చెక్కి ఉంటుంది, మీ అమ్మగారు పాపకి చదివి చెప్పినట్టే చెప్పొచ్చు. తర్వాత మహానవమి దిబ్బ, అంటే ఎత్తైన రాతి వేదిక. రాయలవారు దసరా తొమ్మిది రోజులూ ఉత్సవం చూసింది దాని మీంచే, 1520 ప్రాంతంలో వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు పేయస్ కళ్లారా చూసి రాశాడు. సరిగ్గా దసరాకే మీరు అక్కడ ఉంటున్నారు, ఈ ఒక్క కారణానికే నేనైతే డిసెంబర్ దాకా ఆగను. డిసెంబర్ జనవరిలో వాతావరణం ఇంకా హాయిగా ఉంటుంది నిజమే, కానీ జనం, రూముల రేట్లు కూడా అలాగే ఉంటాయి.

నాన్నగారు దిబ్బ ఎక్కలేకపోయినా ఫర్వాలేదు, కింద చుట్టూ రాతి మీద చెక్కిన ఏనుగులు, గుర్రాలు, వేటగాళ్లు, నాట్యగత్తెలు వరసలు వరసలుగా ఉంటారు. అక్కడికి దగ్గర్లోనే వంద స్తంభాల సభామండపం పునాది ఉంది. స్తంభాలు చెక్కవి, 1565 తళ్లికోట యుద్ధం తర్వాత ఏవీ మిగల్లేదు, కింద రాతి దిమ్మెలు మాత్రం వరసగా ఉన్నాయి. భువనవిజయం ఇదేనని రాసిన బోర్డు ఉండదు, కానీ రాయలవారి కొలువుకి దగ్గరగా వెళ్లగలిగే చోటు అదే. నీడ ఉండదు, గొడుగు తీసుకెళ్లి ఆయన్ని ఒక దిమ్మె పక్కన కాసేపు కూర్చోనివ్వండి.