ఇద్దరిలో పేదవాణ్ణి నేనే: కోల్‌రిడ్జ్ నాలుగు పాదాలు

నిన్న ఇక్కడ ఒకరు నాలుగు పాదాల ఇంగ్లీషు చాటువు పెట్టి, “ఇది ఎవరు ఎవరితో అన్నది? అప్పు అడుగుతున్నాడా, వాటా అడుగుతున్నాడా?” అని అడిగారు. రెండూ కొంత నిజమే. నాకు చేతనైన తెలుగులో ఆ పద్యం ఇది:

ఇది నాది, నీది కూడా;
అలా కుదరదంటావా,
నాదే కానివ్వు నేస్తమా,
ఇద్దరిలో పేదవాణ్ణి నేనే.

ఇంగ్లీషు కవి శామ్యూల్ టేలర్ కోల్‌రిడ్జ్ ‘క్రిస్టబెల్’ కావ్యాన్ని 1816లో అచ్చు వేయించినప్పుడు రాసిన ముందుమాటలోది. ముందుమాట చిన్నదే, కానీ అందులో ఆయన కంగారు అంతా కనిపిస్తుంది. మొదటి భాగం 1797లో సోమర్సెట్‌లోని స్టోవీలో రాశానని, రెండో భాగం జర్మనీ నుంచి తిరిగొచ్చాక 1800లో కెస్విక్‌లో రాశానని ముందుగా తేదీలు అప్పజెబుతాడు. గ్రంథచౌర్యం చేశాననీ, గుడ్డిగా అనుకరించాననీ ఎవరూ అనకుండా ఉండటానికే ఈ తేదీలు చెబుతున్నానని కూడా తానే అంటాడు. ఎవరూ నింద మోపకముందే కవి సాక్ష్యాలు సిద్ధం చేసుకుని వచ్చాడన్నమాట.

కంగారుకు కారణం ఉంది. కావ్యం పూర్తి కాలేదు, అచ్చు కాలేదు. అయినా పదహారేళ్లపాటు నోటి మీద తిరుగుతూనే ఉంది. జాన్ స్టోడార్ట్ అనే మిత్రుడు దాన్ని స్కాట్లండ్ కవి వాల్టర్ స్కాట్‌కు చదివి వినిపించాడు. ఆ నడక స్కాట్ చెవిలో ఉండిపోయింది. పాదంలో అక్షరాలు ఏడైనా సరే పన్నెండైనా సరే, ఊనికలు (నొక్కి పలికే చోట్లు) నాలుగు ఉంటే చాలు అన్నది ఆ నడక సూత్రం. 1805లో స్కాట్ తెచ్చిన ‘ది లే ఆఫ్ ది లాస్ట్ మిన్‌స్ట్రెల్’ అదే నడకలో సాగింది. క్రిస్టబెల్‌లో “జేసు మరియా, ఆమెను చల్లగా కాపాడు” అనే అర్థం వచ్చే పాదం ఒకటుంది. స్కాట్ కావ్యంలో అది “మమ్మల్ని కాపాడు”గా మారింది, అంతే తేడా. స్కాట్ పుస్తకం విపరీతంగా అమ్ముడుపోయి ఆయనకు దేశమంతా పేరు తెచ్చింది. కోల్‌రిడ్జ్ ప్రతి మాత్రం బల్ల సొరుగులోనే ఉంది.

ఆ తరవాత మరో ఇంగ్లీషు కవి బైరన్ వచ్చాడు. 1816 మొదట్లో వెలువడిన ‘ది సీజ్ ఆఫ్ కోరింత్’లో ఒక పన్నెండు పాదాలకు ఆయన తానే నోట్ రాశాడు. కోల్‌రిడ్జ్ గారి అచ్చుకాని కావ్యంతో వీటికి దగ్గరి పోలిక ఉందని, అది కావాలని చేసింది కాదని, ఈ పాదాలు రాశాకే ఆ కావ్యం విన్నానని అందులోని సారాంశం. వినిపించింది స్కాట్! బైరన్ అంతటితో ఊరుకోలేదు. తన ప్రచురణకర్త జాన్ మర్రేకు సిఫారసు చేసి క్రిస్టబెల్ అచ్చయ్యేలా చూశాడు. పద్యంలో ‘నేస్తమా’ అన్న పిలుపు ఇలాంటివారికే. ముందుమాటలో పేర్లు చెప్పడు గానీ, నేను అనుకరించానని ఎవరి పేర్లు ఎత్తుతారో ఆ ప్రసిద్ధ కవులే ముందుగా వచ్చి నా పక్షాన మాట్లాడతారని అంటాడు. ఎక్కడైనా కొట్టొచ్చే పోలిక కనబడితే వాళ్లతో చెప్పుకోవడానికి ఈ పద్యం.

దీనికి ముందు ఉన్న వాక్యం పద్యం కన్నా పదునైనది. విమర్శకుల్లో ఒక వర్గం వారికి ప్రతి భావమూ ప్రతి పోలికా పాతదేనట. లోకంలో చిన్నవో పెద్దవో ఊటలు ఉంటాయని వారికి తెలియదట. ఎక్కడ పిల్లకాలువ పారినా, అది వేరొకరి తొట్టికి పడిన చిల్లులోంచి వస్తున్నదని దయతో తీర్మానిస్తారట. ఇంగ్లీషులో ఆయన వాడింది ‘ట్యాంక్’. చెరువు అని రాసి గండి కొట్టించాలని చేయి లాగింది గానీ, గండి పడితే ఊరు మునుగుతుంది. ఆయన ఎగతాళి చేస్తున్నది సన్నటి చిల్లును వెతికేవాళ్లను. అందుకే తొట్టి.

ఇక పద్యం. మొదటి పాదంలో ఉమ్మడి హక్కు ప్రతిపాదిస్తాడు. రెండో పాదంలో దాన్ని అవతలివాడు ఒప్పుకోడేమోనని అనుమానిస్తాడు. మూడు, నాలుగు పాదాల్లో హక్కు మాట వదిలేసి అవసరం మాట ఎత్తుతాడు. ‘నేను ముందు రాశాను’ అనడు. తేదీలన్నీ తనవైపే ఉన్నా పద్యంలో వాటిని వాడుకోడు. ఆ ఏడాది ఏప్రిల్‌లోనే ఆయన హైగేట్‌లో జేమ్స్ గిల్మన్ అనే వైద్యుడి ఇంట్లో ఆశ్రయం పొందాడు. అవతల స్కాట్ పుస్తకాల అమ్మకాలతో వర్ధిల్లుతున్నాడు, బైరన్ ప్రభువు. కాబట్టి పేదవాణ్ణి అనడం వట్టి అలంకారం కాదు. ఇంకో సంగతి: ఈ పద్యం ఆయన సొంతం కాదు. సన్యాసుల మఠాల్లో పుట్టిన రెండు లాటిన్ పాదాలకు తాను చేసిన మోటు అనువాదమని అక్కడే చెప్పాడు. నాది, నీది అనే పద్యాన్నే ఇంకొకరి దగ్గర తెచ్చుకున్నాడు, తెచ్చుకున్నానని చెప్పాడు.

*

కింద ఒకరు అడిగారు: “ఇంత బాధపడినవాడు ఇతరులవి తీసుకోలేదా?”

తీసుకున్నాడు. అదీ మామూలుగా కాదు.

1802 సెప్టెంబరు 11న లండన్ ‘మార్నింగ్ పోస్ట్’ పత్రికలో ఆయన గీతం ఒకటి అచ్చయింది. ఆల్ప్స్‌లోని షమోని లోయలో, తెల్లవారకముందు, మో బ్లా శిఖరాన్ని చూస్తూ పాడిన స్తుతి. నీ చీకటి స్తంభాలను భూమి లోతుల్లో పాతింది ఎవరు, నీ ముఖాన్ని గులాబీ వెలుగుతో నింపింది ఎవరు, నిన్ను ఎండని ఏరులకు తల్లిని చేసింది ఎవరు అని పర్వతాన్ని వరసగా అడుగుతుంది. జవాబు ‘దేవుడు’ అని జలపాతాలూ మంచుమైదానాలూ ప్రతిధ్వనిస్తాయి. గీతానికి ముందు ఒక పరిచయం కూడా రాశాడు: అక్కడి నదుల పేర్లు, హిమానీనదాలకు కొన్ని అడుగుల దూరంలోనే విరివిగా పూసే నీలి జెన్షియన్ పూలు. చదివితే స్వయంగా చూసి వచ్చినవాడి మాటలే.

కోల్‌రిడ్జ్ షమోనికి ఎన్నడూ వెళ్లలేదు. ఆ ఆగస్టులో ఆయన ఎక్కింది ఇంగ్లండ్‌లోని స్కాఫెల్ కొండ. గీతం అక్కడే అప్రయత్నంగా పొంగిందని, ఆ భావాలకు మన కొండలు చిన్నవనిపించి ఆల్ప్స్‌కు మార్చానని ఒక మిత్రుడికి ఉత్తరంలో చెప్పుకున్నాడు. నిజానికి పైన చెప్పిన ప్రశ్నల వరస, స్తంభాలు, జవాబు, నదులు ఫ్రీడరికె బ్రున్ అనే కవయిత్రి జర్మన్‌లో రాసిన ఇరవై పాదాల కవితలో ఉన్నాయి. ఆమె కవిత్వంలో ‘యెహోవా’ అన్న చోట ఈయన ‘దేవుడు’ అన్నాడు. ఇరవై పాదాలు ఆయన చేతిలో నాలుగింతలకు పైగా పెరిగాయి. ఆమె పేరు ఎక్కడా రాలేదు.

1834 జూలైలో ఆయన పోయారు. సెప్టెంబరుకల్లా వ్యాసకర్త థామస్ డి క్విన్సీ ‘టెయిట్స్’ పత్రికలో దీన్ని బయటపెట్టాడు. బయటపెట్టిన నోటితోనే, జర్మన్ చట్రంలోని ఎండు ఎముకలకు కోల్‌రిడ్జ్ నిండు జీవం పోశాడని మెచ్చుకున్నాడు. ఇప్పుడు చదివితే ఆ రెండూ ఒక్క నోట ఎలా వచ్చాయా అనిపిస్తుంది. కానీ ఆ కాలపు లెక్క వేరు. సమీక్షకులు చూసేది ‘తీసుకున్నాడా, లేదా’ అని మాత్రమే కాదు. తెలిసి తీసుకున్నాడా, చెప్పాడా, మూలం పాఠకులకు తెలిసినదేనా, తీసుకున్నదాన్ని మెరుగుపరిచాడా అని కూడా చూసేవారు. మిల్టన్ పదబంధాన్ని ఎవరైనా వాడుకుంటే అది దొంగతనం కాదు, చదివినవాళ్లు గుర్తుపడతారు కాబట్టి అది పేరు చెప్పినట్టే. మెరుగుపరిస్తే వస్తువు పుచ్చుకున్నవాడిదైపోయేది. ఆ లెక్కన డి క్విన్సీ మెప్పులో వైరుధ్యం లేదు. తప్పు ఎక్కడుందంటే, బ్రున్ కవిత ఇంగ్లండ్‌లో గుర్తుపట్టగలవారు ఎందరు?

నా తీర్పు అడిగితే: కవితను కొత్తగా కట్టాడు, ఆ మేరకు అది ఆయనదే. కొండ మీద పొంగిందని ఉత్తరంలో చెప్పింది మాత్రం అబద్ధం. ఆ అబద్ధం ఆయనకు అవసరమైంది ఎందుకో చూడాలి. 1759లోనే ఎడ్వర్డ్ యంగ్ ఒక వ్యాసంలో అసలైన రచన ప్రతిభ అనే వేరు నుంచి దానంతట అదే మొలుస్తుంది, అది తయారుచేసేది కాదు అన్నాడు. కోల్‌రిడ్జ్ తరం రొమాంటిక్ కవులు ఆ మాటను మంత్రంలా పట్టుకున్నారు. అలాంటప్పుడు జర్మన్ పుస్తకం పక్కన పెట్టుకుని రాశానని చెబితే పరువు తక్కువ. కొండ ఎక్కాను, పొంగింది అనాలి.

*

సంస్కృత ఆలంకారికుడు రాజశేఖరుడి మాట గుర్తుచేసిన వారికి: అవును, ‘కావ్యమీమాంస’లోని ఆ శ్లోకం ఇక్కడ బాగా పనికొస్తుంది. “నాస్త్యచౌరః కవిజనో నాస్త్యచౌరో వణిగ్జనః, స నందతి వినా వాచ్యం యో జానాతి నిగూహితుమ్.” దొంగ కాని కవి లేడు, దొంగ కాని వర్తకుడు లేడు, దాచుకోవడం తెలిసినవాడే నింద పడకుండా సుఖపడతాడు. కానీ ఒకటి గమనించండి. ఇక్కడ దాచడం నేర్పు. ఇంగ్లండ్ సమీక్షకుల దృష్టిలో దాచడమే నేరానికి సాక్ష్యం. రెంటినీ ఒకే గాట కట్టకండి.

కోల్‌రిడ్జ్ షెల్లింగ్ నుంచి తీసుకున్న సంగతి అడిగినవారికి క్లుప్తంగా: 1817లో వచ్చిన ‘బయోగ్రాఫియా లిటరేరియా’ పన్నెండో అధ్యాయంలో జర్మన్ తత్త్వవేత్త షెల్లింగ్ పేరాలు అనువాదమై, చాలాచోట్ల పేరు లేకుండా దిగాయి. తొమ్మిదో అధ్యాయంలో కోల్‌రిడ్జ్ ముందే ఒక జాగ్రత్త పడ్డాడు: భావం ఒకటే అయినా, మాట కలిసినా, షెల్లింగ్ నుంచి తీసుకున్నట్టు కాదని. దాని కొనసాగింపుగా, సత్యం దివ్యమైన వెంట్రిలాక్విస్ట్ (పెదవులు కదపకుండా, మాట వేరొకరి నోట వస్తున్నట్టు పలికేవాడు) వంటిది, ఎవరి నోట వచ్చినట్టు కనిపించినా మాట స్పష్టంగా వినిపిస్తే నాకు చాలు అన్నాడు. క్రిస్టబెల్ ముందుమాటలో ఊటల గురించి వాదించినవాడు మరుసటి ఏడాది అచ్చయిన పుస్తకంలో ఊట ఎవరిదైతేనేం అన్నాడు. 1840లో జె. ఎఫ్. ఫెరియర్ ‘బ్లాక్‌వుడ్స్’ పత్రికలో రెండు పాఠాలూ పక్కపక్కన పెట్టి చూపాక ఆ వాదన నిలవలేదు. డి క్విన్సీలో ఉన్న మెప్పు ఫెరియర్‌లో లేదు. కవితకు ‘మెరుగుపరిచాడు’ అన్న సాకు ఉంటుంది, తత్త్వశాస్త్రపు పేరాకు ఉండదు.

*

“చట్టం ఏమీ చేయలేదా?” చేయలేదు, దానికి అది పనీ కాదు. ఇంగ్లండ్‌లో 1710 నాటి చట్టం పుస్తకం అచ్చువేసే హక్కును 14 ఏళ్లు కాపాడేది, రచయిత బతికుంటే ఇంకో 14. 1774లో ప్రభువుల సభ శాశ్వత హక్కు లేదని తేల్చింది. 1814లో అది 28 ఏళ్లు లేదా రచయిత జీవితకాలం, ఏది ఎక్కువైతే అది. 1842లో 42 ఏళ్లు లేదా మరణం తరవాత ఏడేళ్లు. ఈ చివరిదాని కోసం ముసలితనంలో గట్టిగా పాటుపడినవాళ్లలో కోల్‌రిడ్జ్ మిత్రుడైన కవి వర్డ్స్‌వర్త్ ఒకరు. మొత్తం పుస్తకాన్ని దొంగచాటుగా అచ్చు వేస్తే ఈ చట్టాలకు పని పడుతుంది. నాలుగు పాదాలో ఒక పోలికో తీసుకుంటే తీర్పు సమీక్షకుడిదే.

వర్డ్స్‌వర్త్ మాట వచ్చింది కాబట్టి చివరి ప్రశ్నకు వస్తాను. “ఆ గుంపులో నిజాయితీగా పేరు చెప్పినవాడు ఒక్కడైనా ఉన్నాడా?”

ఉన్నారు. 1830లో స్కాట్ తన కావ్యానికి కొత్త పరిచయం రాస్తూ, ఆ నడక తనకు క్రిస్టబెల్‌లోనే దొరికిందని, గురువుకు శిష్యుడు తీర్చవలసిన రుణమని ఒప్పుకున్నాడు. పాతికేళ్లు ఆలస్యమైనా ఒప్పుకున్నాడు. వర్డ్స్‌వర్త్ అంతకన్నా ముందే, 1807లోనే చేశాడు. చాలామందికి కాలేజీలో పాఠంగా వచ్చిన ‘ది సాలిటరీ రీపర్’ గుర్తుంది కదా, పొలంలో ఒంటరిగా కోత కోస్తూ పాడుకునే అమ్మాయి. మిత్రుడు థామస్ విల్కిన్సన్ అచ్చుకాని యాత్రాకథనంలో కొడవలి మీద వంగి తన భాషలో పాడుతున్న స్త్రీ ఉంది, వినబడటం మానేశాక కూడా చాలాసేపు మనసులో నిలిచిన ఆ పాట ఉంది. తన కవితకు ప్రేరణ మిత్రుడి రాతప్రతిలోని ఒక అందమైన వాక్యమని, చివరి పాదం అందులోంచి ఉన్నదున్నట్టు తీసుకున్నానని వర్డ్స్‌వర్త్ నోట్ పెట్టాడు.

అదే 1807 పుస్తకంలో డాఫొడిల్ పూల కవిత కూడా ఉంది, “మేఘంలా ఒంటరిగా తిరిగాను” అని మొదలయ్యేది. 1802 ఏప్రిల్ 15న అల్స్‌వాటర్ సరస్సు ఒడ్డున ఆ పూలను చూసింది ఇద్దరు, ఆయనా చెల్లెలు డొరతీ. పూలు కొన్ని అలసటకు రాళ్ల మీద తలలు వాల్చాయని, మిగతావి ఊగాయని, తూలాయని, నాట్యం చేశాయని ఆమె డైరీలో రాసుకుంది. కవిత పుట్టింది 1804లో. అందులోనూ పూలు నాట్యం చేస్తాయి. లోపలి కంటికి మెరిసే పూల గురించిన రెండు పాదాలు తన భార్య మేరీవని వర్డ్స్‌వర్త్ తరవాత చెప్పాడు. డొరతీ డైరీ మాట ఆ పుస్తకంలో లేదు.

దీన్ని దొంగతనం అనవచ్చా అని నన్ను అడగకండి, పై నాలుగు ప్రశ్నల్లో ఏదీ దీనికి సరిపోదు. అన్నకు సంతోషం కలిగించడానికే ఈ డైరీ రాస్తున్నానని 1800లో దాన్ని మొదలుపెడుతూ ఆమె రాసుకుంది. 1807 పాఠకుల చేతిలో ఆ డైరీ లేదు, కాబట్టి రెండు పేజీలూ పక్కపక్కన పెట్టి చూసే విమర్శకుడూ లేడు. స్నేహితుడి వాక్యానికి నోట్ రాయాలని తోచినవాడికి, ఇంట్లో ఉన్న మనిషి మాటకు తోచలేదు.