హోటల్ గ్రేవీ ఇంట్లో: ఒక్కసారి చేసి ఫ్రీజర్‌లో పెట్టుకోవాలా, ఏ రోజుకారోజు వండుకోవాలా?

ఆదివారం_వంట:
మా ఇంట్లో ఇద్దరం ఉద్యోగాలకు వెళ్తాం. సాయంత్రం ఇల్లు చేరి ఉల్లిపాయలు తరిగి, వేయించి, టమాటాలు మగ్గించి కూర దించేసరికి తొమ్మిది దాటుతోంది. హోటల్లో అయితే ఆర్డర్ ఇచ్చిన పావుగంటకి పనీర్ బటర్ మసాలా టేబుల్ మీద ఉంటుంది. ముందే చేసిపెట్టుకున్న గ్రేవీ వల్లే కదా! అదే పద్ధతి ఇంట్లో ఎందుకు పెట్టుకోకూడదు? ఆదివారం రెండు కిలోల ఉల్లి, కిలో టమాట, జీడిపప్పు, అల్లం వెల్లుల్లితో ఒకే గ్రేవీ చేసి డబ్బాల్లో ఫ్రీజ్ చేసుకుంటే వారమంతా కూరలు త్వరగా అయిపోతాయని నా వాదన. మా అత్తయ్యగారు మాత్రం "అన్ని కూరలూ ఒకే రుచి వస్తాయి, అదేం వంట" అంటున్నారు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

గోదారి_గట్టు:
మీ అత్తయ్యగారి మాటే నా మాట. గుత్తి వంకాయకి పల్లీలు, నువ్వులు, కొబ్బరి కావాలి. బెండకాయ పులుసుకి చింతపండు కావాలి. గోంగూర మాంసంలో ఆకు పులుపే ప్రాణం. వీటిలో మీ డబ్బా గ్రేవీ ఎక్కడ పోస్తారు? హైవే మీద చాలా హోటళ్లలో ఇప్పుడు గోంగూర చికెన్ అడిగినా, నాటుకోడి అడిగినా అదే నారింజ రంగు, అదే జీడిపప్పు చిక్కదనం. ఆకు పులుపు తెలియదు, కోడి రుచి తెలియదు. డబ్బులిచ్చి తినే చోట ఎలాగూ తప్పడం లేదు, ఇంట్లో కూడా అదేనా?

పాత_మాస్టర్:
నేను హోటల్ వంటింట్లో చాలా కాలం పనిచేశాను. ముందు ఒక మాట సరిచేయాలి. నార్త్ ఇండియన్ వంటలు చేసే మన దగ్గరి మంచి హోటల్ ఏదీ ఒక్క గ్రేవీతో నడవదు. కనీసం మూడు ఉంటాయి.

తెల్ల గ్రేవీ: ఉల్లిపాయ, జీడిపప్పు, కర్బూజ గింజలు, పచ్చిమిర్చి, యాలకులు కలిపి ఉడకబెట్టి, మెత్తగా రుబ్బి, వడకట్టి, నెయ్యిలో రంగు మారకుండా మగ్గిస్తాం. మలాయ్ కోఫ్తా, షాహీ పనీర్ లాంటివాటికి అదే ఆధారం. మఖనీ గ్రేవీకి బాగా పండిన టమాటాలు, కాశ్మీరీ ఎండుమిర్చి, కొద్దిగా జీడిపప్పు, వెన్న. ఇందులో ఉల్లి వేయని మాస్టర్లు చాలామంది ఉన్నారు. మూడోది ఉల్లి టమాటా మసాలా. ఉల్లి సన్నగా తరిగి ఎర్రగా వేయించి, టమాటా వేసి నూనె తేలేదాకా వేపుతాం. దీన్ని రుబ్బం. కడాయి పనీర్‌కి, మిక్స్‌డ్ వెజ్‌కి పంటి కింద తగిలే ఆ మసాలాయే రుచి.

ఆర్డర్ వచ్చినప్పుడు వీటిని కలిపే పాళ్లు మారతాయి. పనీర్ బటర్ మసాలాకి మఖనీ ఎక్కువ, ఉల్లి మసాలా తక్కువ. పైగా ప్రతి కూరకీ విడిగా తాలింపు ఉంటుంది. వెన్నలో అల్లం వెల్లుల్లి, దంచిన ధనియాలు, చివర చేతిలో నలిపిన కసూరి మేతి. గ్రేవీతో సగం పనే అవుతుంది, మిగతా సగం పెనం మీద జరగాలి. డబ్బా తెరిచి వేడి చేసి పనీర్ ముక్కలు పడేసేవాళ్లకే "అన్నీ ఒకే రుచి" సమస్య వస్తుంది.

లెస్టర్_తెలుగు:
మాస్టర్ గారూ, మీరు చెప్పింది ఇండియా పద్ధతి. ఇక్కడ ఇంగ్లండ్‌లో నిజంగా ఒకే గ్రేవీతో నడుపుతారు. ఇక్కడి 'ఇండియన్' రెస్టారెంట్లలో చాలావరకు బంగ్లాదేశ్ నుంచి, ముఖ్యంగా సిల్హెట్ ప్రాంతం నుంచి వచ్చిన కుటుంబాలవి. పెద్ద గిన్నెలో బోలెడు ఉల్లిపాయలు, కొంచెం క్యారెట్, క్యాప్సికం, కొందరు క్యాబేజీ కూడా వేసి, అల్లం వెల్లుల్లి, పసుపు, నూనెతో మెత్తగా ఉడికించి రుబ్బుతారు. అది మన గ్రేవీలా చిక్కగా ఉండదు, పల్చటి సూప్‌లా ఉంటుంది. మసాలా చాలా తక్కువ, విడిగా తింటే చప్పగా ఉంటుంది. దాన్ని అలా ఉంచడం కావాలనే. కోర్మా, మద్రాస్, విందలూ అన్నీ దాంతోనే చేయాలి కాబట్టి.

అసలు రుచి పెద్ద మంట మీద వస్తుంది. నూనెలో మసాలా పొడులు, టమాటా పేస్టు వేయించి, ఒక గరిటె గ్రేవీ పోసి, అది ఇగిరి పెనం అంచులకు అంటుకునేదాకా వదిలేస్తారు. అంచు గీకి లోపలికి కలిపి మళ్లీ ఒక గరిటె. అలా రెండు మూడు సార్లు. నేను ఇంట్లో ఇలాగే చేస్తాను. ఒకే గ్రేవీతో వేర్వేరు రుచులు రావడం సాధ్యమే, అయితే గ్రేవీని చిక్కగా, ఘాటుగా చేయకూడదు.

ఆదివారం_వంట:
అంటే జీడిపప్పు ముందే కలపడం వల్లే అన్నీ ఒకలా అవుతున్నాయా? ఇంటి స్టవ్‌కి అంత మంట ఉండదు కదా, ఇగిరించడం ఎలా?

లెస్టర్_తెలుగు:
వెడల్పాటి పెనం తీసుకోండి, ఒకసారికి ఇద్దరికి సరిపడా మాత్రమే చేయండి. నలుగురికి కలిపి పోస్తే ఇంటి మంట మీద అది ఉడుకుతుంది తప్ప అంచు పట్టదు.

పాత_మాస్టర్:
జీడిపప్పు విషయం నిజమే, అది వేస్తే ఏ కూరైనా తియ్యగా, మెత్తగా ఒకే దారిలోకి వస్తుంది. కానీ ఇక్కడ అసలు ప్రశ్న వేరు. కూరలో ముక్క గ్రేవీకి రుచి ఇస్తుందా, గ్రేవీ ముక్కకి రుచి ఇస్తుందా?

బటర్ చికెన్‌నే తీసుకోండి. అది మొదట ఎవరు చేశారన్న గొడవ 2024లో ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్లింది. ఎవరు చేసినా, ఆ వంట తయారీ ఒకటే. కోడి తందూర్‌లో ముందే కాలిపోయి ఉంటుంది, టమాటా వెన్న గ్రేవీ విడిగా తయారవుతుంది, చివర రెండూ కలుస్తాయి. పనీర్, కోఫ్తా, ఉడికించిన కూరగాయలు కూడా అంతే. ఇలాంటివాటికి ముందే చేసిన గ్రేవీ వల్ల నష్టమే లేదు. ఎముకతో ఉన్న మటన్, నాటుకోడి, చేపల పులుసు, నూనె వంకాయ అలా కావు. ముక్కలో సారం రసంలోకి దిగాలి, రసం ముక్కలోకి ఎక్కాలి. వాటికి ఫ్రీజర్ గ్రేవీ వాడకండి. నేను హోటల్లో ఉన్నప్పుడు కూడా ఆ రెండింటినీ ఒకటిగా చూడలేదు.

లెస్టర్_తెలుగు:
మటన్ విషయంలో పూర్తిగా ఒప్పుకోను. ఇక్కడ మాంసం ముందే మసాలాతో ఉడికించి పెడతారు. ఆ ఉడికిన రసాన్ని పారబోయరు, ఆర్డర్ వచ్చినప్పుడు గ్రేవీతో పాటు ఒక గరిటె అదీ పోస్తారు. సారం ఎక్కడికీ పోదు.

గోదారి_గట్టు:
సారం ఉంటుంది, కానీ ఇగురు ఉండదు. మటన్ ఇగురు అంటే నీరంతా ఇంకిపోయి, మసాలా ముక్కకి పట్టుకుని, పక్కన నూనె చేరడం. ఉడికించిన ముక్క మీద గ్రేవీ పోస్తే ముక్క వేరు, గ్రేవీ వేరు. అన్నంలో కలుపుకునేవాళ్లకి ఆ తేడా మొదటి ముద్దలోనే తెలుస్తుంది. రొట్టెతో తినేటప్పుడు అంతగా పట్టించుకోరేమో.

ల్యాబ్_కోట్:
రుచి మీరు తేల్చుకోండి, నిల్వ గురించి నేను చెప్తాను. పెద్ద గిన్నెడు వేడి గ్రేవీని రాత్రంతా స్టవ్ మీదే వదిలేయడం చాలా ఇళ్లలో చూస్తాం. 5 నుంచి 60 డిగ్రీల మధ్య బ్యాక్టీరియా వేగంగా పెరుగుతుంది, లోతైన గిన్నె మధ్యభాగం గంటల తరబడి ఆ వేడిలోనే ఉండిపోతుంది. వెడల్పాటి పళ్లేల్లోకి ఒంపి, రెండు గంటల్లోపు చల్లార్చి లోపల పెట్టండి. ఫ్రిజ్‌లో మూడు, నాలుగు రోజులు, మైనస్ 18 దగ్గర రెండు మూడు నెలలు. ఒక పూటకి ఒక డబ్బా చొప్పున నింపండి, కరిగించినదాన్ని మళ్లీ గడ్డకట్టించకండి. క్రీమ్, పెరుగు ముందే కలపొద్దు, కరిగాక విరుగుతాయి. కరెంటు ఎక్కువసేపు పోయే ఊళ్లలో ఉన్నవాళ్లు నెలలకు సరిపడా చేయకపోవడమే మంచిది.

ఆదివారం_వంట:
అయితే గ్రేవీ మొత్తం కాకుండా ఉల్లి వరకే ముందు చేసుకుంటే? ఎక్కువ సమయం తినేది అదే. ఉల్లిపాయలో దాదాపు 90 శాతం నీరే కాబట్టి అది ఇగిరి ఎర్రబడేసరికే అరగంట పోతోంది. వేయించిన ఉల్లి ముద్ద ఒక్కటే ఫ్రీజ్ చేసి, మిగతావి అప్పటికప్పుడు వేసుకుంటాను.

పాత_మాస్టర్:
మంచి ఆలోచన. ఉల్లిని పచ్చిగా రుబ్బి వేయించకండి, చేదు వస్తుంది. సన్నగా తరిగి, సన్న మంట మీద సమానంగా ఎర్రబడ్డాకే రుబ్బండి. ఉప్పు తప్ప ఏ మసాలా కలపొద్దు. టమాటా కూడా ఉడికించి వడకట్టి వేరే డబ్బాలో పెట్టుకుంటే పని ఇంకా తగ్గుతుంది.

గోదారి_గట్టు:
ఉల్లి ముద్ద వరకు నాకూ అభ్యంతరం లేదు, కోడికూరకి వాడినా పరవాలేదు. టమాటా దగ్గర మాత్రం మాస్టర్ గారితో ఒప్పుకోను. నాటు టమాటా పులుపు వేరు, హైబ్రిడ్ కాయ పులుపు వేరు. వేసవిలో కాయకీ, వానాకాలం కాయకీ పొంతన ఉండదు. డబ్బాలో ఉన్నది ఎంత పుల్లనో గుర్తుండదు, కూరలో పడ్డాక తీయలేం. టమాటా ఆ పూటే కోసి, ఒక ముక్క నోట్లో వేసుకుని చూసి వేయండి. మగ్గడానికి పది నిమిషాలు పట్టదు.