మొదటి స్కోపు: 6-24 కొనాలా, 4-12 చాలా?

గాజువాక గురి
అందరికీ నమస్కారం. నా దగ్గర 4.5 మి.మీ. స్ప్రింగు ఎయిర్ రైఫిల్ ఉంది. ఏడాదిగా 10 మీటర్ల దగ్గర ఓపెన్ సైటుతోనే (అద్దాలు లేని మామూలు గురి) కాలుస్తున్నాను. ఇప్పుడు ఆనందపురం దగ్గర మావయ్య జీడితోటలో 50 మీటర్ల దాకా వెళ్దామని ఉంది. కాగితం మీదే కాలుస్తాను, వెనక నిలువెత్తు మట్టి గట్టు ఉంది. స్కోపుకి (రైఫిల్ మీద బిగించే గురి దుర్భిణి) 12 వేలకు మించి పెట్టలేను. ఒక షాపాయన ఆ ధరకి 6-24×50 (6 నుంచి 24 రెట్లు పెద్దగా చూపేది, ముందు అద్దం 50 మి.మీ.) చూపిస్తున్నాడు. ఇంకొకాయన 4-12×40 చాలంటున్నాడు, దాని ధరా అంతే. పెద్ద జూమ్ అదే డబ్బుకి వస్తుంటే చిన్నది ఎందుకు కొనాలో అర్థం కావట్లేదు.

ఎంవీపీ మాస్టారు
తమ్ముడూ, అదే డబ్బుకి వస్తోంది కాబట్టే చిన్నది కొనాలి. ఆ 12 వేలల్లోనే అద్దాలు, గొట్టం, లోపలి స్ప్రింగులు, టరెట్ (గురి సర్దడానికి తిప్పే గుండీ) స్క్రూలు అన్నీ రావాలి. జూమ్‌కి ఎక్కువ పెడితే మిగతా వాటిలో కోత పడుతుంది. ఆ కోత నీకు షాపులో కనపడదు, టరెట్ తిప్పడం మొదలెట్టాక కనపడుతుంది.

ఇంకో లెక్క చూడు. ముందు అద్దం వ్యాసాన్ని జూమ్‌తో భాగిస్తే కంటికి అందే వెలుగు మందం వస్తుంది. 50ని 24తో భాగిస్తే 2 మి.మీ. పైచిలుకు. తల కాస్త కదిలితే చాలు, బొమ్మ నల్లబడిపోతుంది. 4-12×40ని 8 జూమ్ దగ్గర పెడితే, 40ని 8తో భాగిస్తే 5 మి.మీ. కొత్తవాడి చెంప రోజూ ఒకే చోట ఆనదు కదా, ఆ వెసులుబాటు నీకు కావాలి.

స్టీల్‌ప్లాంట్ సెక్టార్ 5
మాస్టారూ, నేను ఒప్పుకోను. కాగితం మీద కాల్చేవాడికి చిల్లు కనపడాలి. కనపడకపోతే ప్రతి ఐదు పెల్లెట్లకీ 50 మీటర్లు నడిచి వెళ్లి చూసి రావాలి. నా వయసు 48, చిన్న స్కోపుతో నాకు చిల్లు ఎక్కడ పడిందో తెలిసేది కాదు. 6-24 వచ్చాకే నా తప్పులు నాకు తెలిశాయి. పైగా 6-24 కొన్నవాడు 10 దగ్గర పెట్టుకుని కూడా వాడుకోవచ్చు. 4-12 కొన్నవాడికి 24 ఎక్కడి నుంచి వస్తుంది?

పాత ఎన్‌సీసీ
అసలు ఇప్పుడే స్కోపు ఎందుకు గురూ? 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా స్వర్ణం, 2012లో లండన్‌లో గగన్ నారంగ్ కాంస్యం 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో తెచ్చారు. 2024లో పారిస్‌లో స్వప్నిల్ కుసాలే 50 మీటర్ల త్రీ పొజిషన్స్‌లో కాంస్యం తెచ్చాడు. ముగ్గురివీ పీప్ సైట్లే (చిన్న రంధ్రంలోంచి చూసే గురి). ఒలింపిక్ రైఫిల్ పోటీల్లో స్కోపు పెట్టనివ్వరు. రేపు పోటీలకి వెళ్లాలనిపిస్తే స్కోపు అలవాటు అడ్డం వస్తుంది. ఆ డబ్బు పెట్టి మంచి పీప్ సైటు కొనుక్కో.

ఎంవీపీ మాస్టారు
ఎన్‌సీసీ గారూ, పోటీకి మీరు చెప్పిందే దారి. కానీ కుర్రాడు పోటీ అనలేదు, తోటలో 50 మీటర్లు అన్నాడు. స్కోపులో ఊపిరితో పాటు గురి గీత ఎలా ఊగుతుందో కళ్లారా చూస్తాడు, అదీ చదువే.

ఎవరూ ఎత్తని సంగతి ఒకటుంది. తనది స్ప్రింగు గన్ను. ట్రిగ్గర్ నొక్కగానే పిస్టన్ ముందుకు దూకుతుంది, రైఫిల్ వెనక్కి తంతుంది. పిస్టన్ చివర కొట్టుకోగానే రైఫిల్ ముందుకి కుదుపుతుంది. అంటే దెబ్బ రెండు వైపులా. మందుగుండు రైఫిళ్ల కోసం చేసిన స్కోపులు చాలావరకు వెనక్కి తన్నే దెబ్బకే గట్టిగా ఉంటాయి. నా మొదటి స్కోపు ఇలాగే పోయింది, మూడో వారానికి లోపలి గీత పక్కకి ఒరిగిపోయింది. అమ్మినాయన మార్చి ఇవ్వలేదు. అందుకే పెట్టె మీద స్ప్రింగు ఎయిర్ రైఫిల్‌కి పనికొస్తుందని రాసి ఉందో లేదో ముందు చూడు. మౌంటు (స్కోపుని రైఫిల్‌కి పట్టి ఉంచే బిగింపు) వెనక్కి జారకుండా స్టాప్ పిన్ను ఉన్నది, ఒకే ముక్కగా ఉన్నది తీసుకో.

రెండోది పారలాక్స్, అంటే కన్ను కదిలితే గీత కూడా కదిలినట్టు కనపడడం. మామూలు స్కోపుల్లో చాలావాటికి అది 100 గజాల దగ్గర రాకుండా బిగించేస్తారు. నీ 10 మీటర్ల టార్గెట్ మసగ్గా కనపడుతుంది, కన్ను కదిలితే గీత టార్గెట్ మీద జరుగుతుంది. 10 గజాల దాకా దిగే ఏఓ (దూరానికి తగ్గట్టు ముందు అద్దాన్ని సర్దుకునే ఏర్పాటు) ఉన్నదే కొను. నేను వాడేది హాక్ వాంటేజ్ 4-12×40 ఏఓ.

స్టీల్‌ప్లాంట్ సెక్టార్ 5
స్ప్రింగు దెబ్బ మాట నిజమే, నాది పీసీపీ (స్ప్రింగు లేకుండా, ముందే నింపిన గాలితో కాల్చేది) కాబట్టి ఆ ఇబ్బంది రాలేదు. కానీ చిల్లు సంగతికి మీరు జవాబు చెప్పలేదు.

ఎంవీపీ మాస్టారు
చెప్తాను. 50 మీటర్లని 12తో భాగిస్తే 4 మీటర్ల చిల్లర. అంటే గది ఈ గోడ దగ్గర నిలబడి ఆ గోడ మీద 4.5 మి.మీ. చిల్లు చూడ్డం. నల్ల వలయం మీద పడితే ఆనదు, నిజమే. తెల్ల కాగితం మీద చిన్న నల్ల చుక్క పెట్టుకుని, వెనక ముదురు అట్ట కట్టుకుంటే ఆనుతుంది.

భీమిలి గాలి
మన ఊళ్లో ఉక్కపోత ఎంతో తెలుసు కదా. స్కోపుని రెక్సిన్ సంచిలో పెట్టి బీరువాలో పడేస్తే అద్దం మీద బూజు పాకుతుంది. నైట్రోజన్ నింపినదైతే లోపల ఆవిరి పట్టదు, బయటి అద్దాలకి మాత్రం గాలి చొరబడని డబ్బా, సిలికా జెల్ పొట్లాలు కావాలి. ఎండెక్కాక సముద్రపు గాలి లేస్తే 50 మీటర్లలో పెల్లెట్ అంగుళాల లెక్కన పక్కకి పోతుంది, అప్పుడు స్కోపుని తిట్టుకోకు.

ఇంకోమాట తమ్ముడూ. 2016 ఆయుధ నియమాల ప్రకారం 4.5 మి.మీ. దాటని, 20 జౌళ్ల శక్తి మించని ఎయిర్ రైఫిల్‌కే లైసెన్సు అక్కర్లేదు. జీడితోటల్లోకి నెమళ్లు వస్తాయి. సరదాకైనా వాటిని కాల్చబోయావంటే 1972 వన్యప్రాణి చట్టం కింద కేసు. గట్టు వెనక ఎవరూ తిరగరని రోజూ నడిచి చూసుకున్నాకే పెల్లెట్ పెట్టు.

గాజువాక గురి
4-12×40 ఏఓ తీసుకున్నాను. 6-24 నచ్చక కాదు గానీ, దాని పెట్టె మీద స్ప్రింగు మాటే లేదు. క్లిక్కులు (టరెట్ తిప్పితే పడే మెట్లు) సరిగా ఉన్నాయో లేదో ఎలా తెలుసుకోవాలి?

ఎంవీపీ మాస్టారు
కాల్చకుండానే చూడొచ్చు. 50 మీటర్ల దగ్గర టేపుని నిలువుగా కట్టు. రైఫిల్‌ని ఇసుక మూటల మధ్య కదలకుండా బిగించు. నీది పావు ఎం.ఓ.ఏ. (కోణం కొలత, డిగ్రీలో 60వ వంతు) క్లిక్కు కదా, 50 మీటర్లలో ఒక్కోటి 3.6 మి.మీ. 40 క్లిక్కులు తిప్పితే గీత 14.5 సెం.మీ. జరగాలి. తిరిగి 40 వెనక్కి తిప్పితే మొదలెట్టిన చోటికే రావాలి. కాస్త తక్కువ జరిగితే లెక్కలో సర్దుకోవచ్చు, తిరిగి రాకపోతే మాత్రం అదే వారం వాపసు ఇచ్చెయ్.

గాజువాక గురి
నిన్న చూశాను మాస్టారూ. 40 క్లిక్కులకి 14 సెం.మీ. వచ్చింది. మూడుసార్లు తిప్పాను, మూడుసార్లూ మొదటి చోటికే వచ్చింది.

స్టీల్‌ప్లాంట్ సెక్టార్ 5
బాగుంది. నా 6-24కి నేనెప్పుడూ ఈ పరీక్ష పెట్టలేదు. ఆదివారం పట్టుకొస్తాను, అదే టేపు ముందు పెడదాం. మాస్టారు కూడా రావాలి.

గాజువాక గురి
రండి అన్నా. గాలి లేవకముందే, 7 గంటలకల్లా. ఇసుక మూటలు నేను తెస్తాను.